గట్టుచెట్లు – వంటింటి కొయ్యసామాను: కపిలేశ్వరపుర ప్రాంతపు రైతులకు సూచనలు

1. ఈ విషయము రైతుకు ఏల?

గోదావరి డెల్టాలోని రైతు చెట్లను రెండు తెగలుగ లెక్కించుట వాడుక. కాయలిచ్చు చెట్టు ఒకటి, పొయ్యిలోనికి పోవు చెట్టు రెండవది. కొబ్బరి, మామిడి, పనస మొదటి తెగలోనివి. గట్టుమీది తుమ్మ, కాలువయొడ్డున గల గంగరావి, దొడ్డిలోని చింత రెండవ తెగలోనివి. ఈ రెండవ తెగకు వంటచెఱకు వెలయే వెలగా నుండెను. ఇప్పుడు పల్లెలలోను గ్యాసుపొయ్యి వచ్చినందున ఆ వెలయు తగ్గినది. కొట్టిన కొమ్మలు గట్టుమీదనే తగులబడుచున్నవి, లేదా ఇటుక బట్టీలకు అగ్గువగ పోవుచున్నవి.

ఇదే కాలమున పట్టణములలో కొయ్యగరిటెకు గిరాకి పెరిగినది. అంటుకొనకుండ పూత పూసిన పెనములను, బాండీలను లోహపు గరిటె గీయును గనుక వానిలో కలియబెట్టుటకు కొయ్యగరిటెయే తగును. మన పెద్దలు ఱాచిప్పలలో పులుసును, జాడీలలో ఆవకాయను కొయ్యతెడ్డుతో కలిపినదియు ఇట్టి కారణముచేతనే. పులుపు, ఉప్పు లోహమును తినివేయును గాని మంచి కొయ్యను అంతగా బాధింపవు.

ముంజేతి లావు గల కొమ్మ వంటచెఱకుగా ఒక పూట పొయ్యికి చాలదు. ఆ కొమ్మనే సరిగా కోసి, ఆరబెట్టి, వడ్రంగిచేత చెక్కించినయెడల నాలుగైదు గరిటెలగును. ఒక్కొక్క గరిటె ఏండ్ల తరబడి పనిచేయును. ఏ చెట్టు ఏ పనికి తగును, ఎప్పుడు కొట్టవలెను, ఎట్లు ఆరబెట్టవలెను, ఎట్లు కొలిచి అమ్మవలెను, క్రొత్తగా ఏ చెట్లు ఎచ్చట నాటవలెను అను విషయములు ఈ కరపత్రమున క్రమముగా వివరింపబడినవి.

2. ఏటికొప్పాక, ఉదయగిరి నేర్పు పాఠము

తెలుగుదేశమున కొయ్యసామానుకు పేరొందిన యూళ్ళు కొన్ని గలవు. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో తరిమెన పట్టు పనివారు అంకుడు కఱ్ఱను గుండ్రముగ తిప్పి, దానికి లక్క నొత్తి, మొగలి ఆకుతో మెఱుగుపెట్టి భరిణెలు, బొమ్మలు, పిల్లల లక్కపిడతలు చేయుదురు. పసుపు, నీలి, జాఫ్రా మొదలగు చెట్ల రంగులనే లక్కలో కలుపు పద్ధతి అచ్చట మరల నెలకొన్నది. ఆ కృషికై చింతలపాటి వేంకటపతిరాజుగారికి 2023లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు కూడ కలిగినది.

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో నార్ది, బిక్కి మొదలగు కొండకఱ్ఱలతో చెంచాలు, ముళ్ళగరిటెలు, పెద్ద గరిటెలు చేతితో చెక్కుదురు. వీనికిని భౌగోళిక సూచిక గలదు.

ఈ రెండు యూళ్ళ పనితనము ప్రసిద్ధము. అయినను రెంటికిని ఒకే కొఱత గలదు. వారు వాడు కఱ్ఱ చిరకాలము దగ్గఱి కొండలనుండి వచ్చుచుండెను. కొట్టిన చెట్టునకు బదులు చెట్టు నాటినవారు కొలదిమంది. కొండ పలుచనైనది, అడవి చట్టము గట్టిపడినది, కఱ్ఱ దొరకుట కష్టమైనది. చేతిలో విద్య యున్నను దిమ్మ లేనిచో ఉలి ఊరకుండవలసినదే. ఇట్టి పనికి కఱ్ఱ ఇకమీదట అడవినుండి గాక రైతుల గట్లనుండియే రావలెను. ఆ గట్లు గలవారు మీరే.

గౌతమీతీరమున కపిలేశ్వరపురము మొదలు నది కావలనున్న కోనసీమ లంకల వఱకు కొండ లేదు, అడవి లేదు. పూర్వము టేకుకలప భద్రాచలపు మన్యమునుండి తెప్పలుగ గోదావరిమీద రాజమహేంద్రవరమునకు దిగుచుండెను. డెల్టావారు పెద్ద కలపను కొనియే వాడిరి. అయినను వంటింటి సామానుకు పెద్ద కలప యక్కఱలేదు. దానికి వలసిన కఱ్ఱ గట్టుమీదనే గలదు.

3. ఏ పనికి ఏ కఱ్ఱ తగును

వంటింటి కొయ్యకు నాలుగు గుణములు చూడవలెను. రుచి, వాసన కూరకు అంటరాదు. నూలుపోగు దగ్గఱగా నుండి ఆహారము ఇఱుకుకొనకుండవలెను. తడిసి ఆరినపుడు పగులరాదు. పాలు గాని విషము గాని కాఱు జాతి కాకూడదు. ఈ గుణములనుబట్టి మన ప్రాంతపు చెట్లు ఈ క్రింది విధముగ నుండును.

గంగరావి: సముద్రతీరములందును కాలువగట్లందును పెరుగు చెట్టు. ఆకు రావియాకు వలె నుండును, పువ్వు పసుపుపచ్చగ పూచి సాయంకాలమునకు ఎఱ్ఱబారును. చేవ ముదురు ఎఱుపు, పోగు సన్నము, ఆరునపుడు కుదించుకొనుట తక్కువ, నీటికి ఓర్చును. కావుననే బండిచక్రపు ఆకులకును పడవ భాగములకును దీనిని వాడిరి. పసిఫిక్ మహాసముద్రమునందలి హవాయి దీవులవారు ఈ చెట్టునే మిలో అని పిలిచి, కఱ్ఱకు రుచి లేదను కారణముచేత తరతరములుగ భోజనపు గిన్నెలను దీనితో చెక్కుకొనిరి. గరిటెలు, తెడ్లు, కవ్వము, ఉప్పుమరిగె, చిన్న గిన్నెలు వీనికి మన ప్రాంతమున ఇంతకన్న అనువైన చెట్టు అరుదు. దీనిని కంచెగా నాటి, కొట్టి కాల్చుటయే మన వాడుక యగుట విచారకరము.

పనస: కోసినపుడు పసుపుపచ్చగ నుండి వెలుతురు తగిలినకొలది గోధుమవన్నెకు మాఱును. చెదలకు ఓర్చును. చెక్కుటకు అనుకూలము. బొబ్బిలి వీణలు ఈ కఱ్ఱతోనే చేయబడుచున్నవి. పీటలు, అప్పడాలపీట, కత్తిపీట చెక్క, మరిగెలు, వెడల్పు గరిటెలు దీనితో చేయవచ్చును. కాయ కాచుట తగ్గిన ముసలిచెట్టు నడిమి మ్రాను పీటలకును, కొమ్మలు గరిటెలకును పనికివచ్చును.

చింత: చేవ మిక్కిలి గట్టిది, బరువైనది. ఉలికి లొంగుట కష్టము. పప్పుగుత్తి, చిన్న రోకలి, దంచుడు దిమ్మ, కూరలు తఱుగు మందపు చెక్క వీనికి తగును. ముసలిచెట్లలో నడుమ తొఱ్ఱ యుండుట సామాన్యము గనుక కొనకముందు కొట్టి చూడవలెను.

నల్లతుమ్మ, చండ్ర: రోకళ్ళకు ప్రసిద్ధములు. క్రింద ఇనుప పొన్ను తొడిగిన తుమ్మరోకలి తరములు నిలుచును. ఈ కఱ్ఱలలో వగరు హెచ్చు. ఇనుము తగిలి తడిసినచోట నలుపు పుట్టును. కావున పులుసులు కలుపు గరిటెలకు వీనిని వాడవలదు.

వేప: పోగు కొంత మెలిక తిరిగి యుండును. క్రొత్తలో చేదు గలదు. చెక్కిన గరిటెలను వేడినీట రెండుమూడు మాఱులు కాచి, నీరు పాఱబోసినచో చేదు తగ్గును. సులభముగ దొరకును గనుక ఇంటివాడుక సామానుకు మంచిది.

మామిడి: తేలిక, చౌక. కాని చేవ తక్కువ, పురుగు త్వరగా పట్టును. పొడి వస్తువుల పెట్టెలకు, పళ్ళెములకు వాడవచ్చును. ఎప్పుడును తడిసియుండు సామానుకు వాడవలదు.

కొబ్బరి: చిప్పకు వెదురు కాడ తొడిగిన గరిటె మనకు క్రొత్త కాదు. మ్రానును గూర్చి మాత్రము చాలమంది యెఱుగరు. కొబ్బరిమ్రానుకు తక్కిన చెట్లవలె నడుమ చేవ యుండదు. గట్టికఱ్ఱ వెలుపలి పట్టననే, అదియు ముదురుచెట్టు మొదటిభాగముననే యుండును. ఈ వెలుపలి కఱ్ఱ ఘనపుమీటరునకు 600 కిలోలకు పైబడి తూగును. నడిమిభాగము 400 కిలోలకు లోబడిన బెండు. వెలుపలి కఱ్ఱతో నల్లని చారలు గల అందమైన గరిటెలు, చెంచాలు అగును. పనిముట్లు త్వరగా మొద్దుబారును గనుక మాటిమాటికి సానపట్టవలెను.

ఈ సందర్భమున ఒక సంగతి గుర్తుంచుకొనదగినది. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి తీరమును తాకిన తుపానులో కోనసీమయందు లక్షలకొలది కొబ్బరిచెట్లు కూలినవి. తోటలో కూలిన మ్రాను క్రుళ్ళినచో కొమ్ముపురుగు అందులో గ్రుడ్లుపెట్టి పెరిగి, నిలిచియున్న చెట్ల మొవ్వులను తినును. కూలిన మ్రానును వెంటనే కోసి పలకలు చేసికొనుట వలన కఱ్ఱయు దక్కును, మిగిలిన తోటయు దక్కును. తుపానులు మరల రాకమానవు. అప్పటికి కోతయంత్రము ఎచ్చట గలదో, పలకలు ఎచ్చట పేర్చవలెనో ముందుగనే నిశ్చయించుకొని యుండవలెను.

4. వాడరాని కఱ్ఱలు

గన్నేరు, పచ్చగన్నేరు చెట్లలో ఆకు మొదలు వేరువఱకు విషము గలదు. వీని పుల్లనైనను వంటలో త్రిప్పరాదు. ముష్టి చెట్టును అట్టిదే. కోరంగి మడయడవులలో పెరుగు తిల్ల చెట్టు పాలు కంటబడిన చూపునకే ప్రమాదము. దానిని కొట్టనురాదు, చెక్కనురాదు. జీడి జాతుల రసము చర్మమును పొక్కించును.

సరుగుడు గట్టిదేగాని నిలువున పగులును. నీలగిరి ఆరునపుడు మెలికలు తిరుగును. ఈ రెండును గరిటెలకు తగవు.

పాత సామానునుండి వచ్చు కఱ్ఱ విషయమున మఱింత జాగ్రత్త వలయును. రైలుపట్టాల క్రింది దిమ్మలకు తారుమందు పట్టించియుందురు. పాతపడవల చెక్కలకు కీలు, తారు పూసియుందురు. సరకుపెట్టెల చెక్కలకు పురుగుమందు తగిలియుండవచ్చును. రంగు వేసిన తలుపుచెక్కలయందు సీసము గల పాతరంగులు ఉండవచ్చును. అగ్గువకు దొరకినను వీనితో వంటింటి సామాను చేయింపరాదు.

5. కొట్టుట, కోయుట

చెట్టు కొట్టకముందు అనుమతి విచారించుకొనవలెను. ఆంధ్రప్రదేశమున 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్టు చట్టము సొంతభూమిలోని చెట్లకును వర్తించును. కొన్ని జాతులకు మినహాయింపు గలదు, కొన్నింటికి లేదు. కాలువగట్టు చెట్టు మీ పొలము ప్రక్కననున్నను మీది కాకపోవచ్చును. ఈ రెండు సంగతులును ముందుగా తేల్చుకొనినచో పిదప చిక్కులుండవు.

కొట్టుటకు వర్షములు, తుపానుల కాలము గడచిన పిదప మార్గశిరము మొదలు మాఘము వఱకు అనువైన కాలము. ఎండ తీక్ష్ణముగ నుండదు గనుక కఱ్ఱ మెల్లగా ఆరి, పగుళ్ళు తక్కువగును. వేసవిలో కొట్టిన పచ్చిమ్రాను కొనలు వారము దినములలోనే నెఱ్ఱెలిచ్చును.

మ్రాను నడిమధ్య దవ్వ గలదు. దవ్వను లోపల నుంచి చెక్కిన గిన్నెగాని గరిటెగాని తప్పక పగులును. దీనికి కారణమేమన, కఱ్ఱ ఆరునపుడు మ్రాను చుట్టువైపున కుదించుకొనునది, నడుమనుండి వెలుపలికి పోవువైపున కుదించుకొనుదానికి సుమారు రెట్టింపు. ఒకే దిమ్మలో దవ్వయు దాని చుట్టు వలయములును ఉన్నచో ఈ రెండు లాగుడులకు నడుమ కఱ్ఱ చీలిపోవును. కావున కొమ్మను మొదట దవ్వవెంట నిలువున రెండుగ చీల్చి, దవ్వను తొలగించి, పిదప దిమ్మలుగ కోయవలెను.

గరిటె దిమ్మలో పోగు కాడ పొడవునకే పోవలెను. పోగు అడ్డముగ నున్న కాడ మొదటి పులుసుకే విఱుగును. వంపు గరిటెకు సహజముగ వంగిన కొమ్మయే మేలు. పోగు వంపుతోపాటు వంగియుండుటచే మెడవద్ద బలముండును. నిటారుకొమ్మలకన్న వంకరకొమ్మ పనికిరానిదని కాల్చుట వాడుక. గరిటెలపనికి దానినే ముందు ఏరి పెట్టవలెను.

చేవ చుట్టునున్న తెల్లకఱ్ఱయందు పిండిపదార్థము మిగిలియుండును. కఱ్ఱను పొడిచేయు పురుగు దానికొఱకే వచ్చును. తెల్లకఱ్ఱను సాధ్యమైనంత తీసివేయవలెను. పూర్తిగ తీయ వీలులేని చిన్నకొమ్మలను ముతకగ చెక్కిన పిదప గంటసేపు నీట మరగించినచో లోపలి పురుగు, గ్రుడ్లు నశించును.

6. ఆరబెట్టుట

అన్ని దోషములకన్న పెద్దది తొందర. పచ్చికఱ్ఱలో నీరు నిండుగ నుండును. తేమ నూటికి 30 పాళ్ళకు దిగువకు వచ్చినపుడు కఱ్ఱ కుదించుకొనుట మొదలగును. మన తీరపు గాలిలో నూటికి 12 మొదలు 16 పాళ్ళవఱకు దిగి అచ్చట నిలుచును. ఆ మధ్యకాలమంతయు జాగ్రత్త పడవలసిన కాలము.

కోసినదినముననే దిమ్మల రెండు కొనలకు కరగిన మైనముగాని చిక్కని రంగుగాని పూయవలెను. నీరు కొనలవెంట త్వరగా పోవుటచే అచ్చటనే పగుళ్ళు పుట్టును. వంటలో ముంచు కొన చెక్కునపుడు ఆ పూత తొలగిపోవును గనుక భయము లేదు. పిదప గాలి తగులు పెంకుటింటి చూరుక్రిందగాని పాకలోగాని, నేలకు అడుగు ఎత్తున, వరుసకు వరుసకు నడుమ సన్నపుపుల్లలు అడ్డముగ వేసి పేర్చవలెను. ఎండ తగులరాదు, వానజల్లు తగులరాదు, వడగాలి సూటిగ కొట్టరాదు.

పలకలకు అంగుళము మందమునకు ఒక సంవత్సరము అను పాతలెక్క ఇప్పటికిని నమ్మదగినదే. ముతకగ చెక్కిన గరిటెదిమ్మలు సామాన్యముగ రెండుమూడు నెలలలో ఆరును. ఊహతో నిర్ణయింపక తూచి తెలిసికొనవలెను. ఒక దిమ్మపై గుర్తుపెట్టి వారమునకొకమాఱు తూచవలెను. వరుసగా మూడువారములు బరువు మాఱనిచో ఆరినట్లు లెక్క.

7. చెక్కుట, నూనె పట్టించుట

పచ్చికఱ్ఱను బాడిసతో ముతకగ రూపుదీర్చి, ఆరిన పిదప ఉలితోను ఆకురాయితోను తుదిరూపు నిచ్చుట మంచిపద్ధతి. పచ్చికఱ్ఱ మెత్తన గనుక పని త్వరగా సాగును, ఆరిన కఱ్ఱ నునుపు తేలును. గిన్నెలు, పప్పుగుత్తులు, అప్పడాల కఱ్ఱలు తరిమెనపై తిప్పింపవలెను. నునుపుచేసిన సామానును ఒకమాఱు తడిపి ఆరబెట్టినచో పోగు నిక్కును. మరల రుద్దినచో పిదప వంటలో గరుకుదేఱదు.

వంట తగులు కొనకు లక్క పనికిరాదు. లక్క వేడికి మెత్తబడును. భరిణెలకు, పొడివస్తువుల డబ్బీలకు, గరిటెకాడ చివరకు మాత్రము లక్క వేయింపవచ్చును. దుకాణములలో దొరకు వార్నీషులును, ఉడికించినదని అమ్మబడు అవిసెనూనెయు లోహపు మందులు కలిసినవై యుండును గనుక పూయవలదు. నువ్వులనూనె, వేరుసెనగనూనె కాలక్రమమున మక్కువాసన కొట్టును. కొబ్బరినూనె అంత త్వరగా చెడదు. నాలుగు పాళ్ళ కొబ్బరినూనెలో ఒకపాలు తేనెమైనమును సన్నని సెగపై కరగించి, గోరువెచ్చగ నుండగ గుడ్డతో రుద్ది, ఒకరాత్రి ఉంచి, మిగులును తుడిచివేయవలెను. ఈ రెండు వస్తువులును మన యూళ్ళలోనే దొరకును.

8. అమ్మునపుడు కొలత

నిలిచియున్న చెట్టును గంపగుత్తగ అమ్ముట రైతునకు నష్టము. కొట్టించి, కొలిచి, అమ్మవలెను. కలప వర్తకములో చుట్టుకొలతను నాల్గింట భాగించి, వచ్చినదానిని దానిచేతనే హెచ్చించి, పొడవుతో హెచ్చించుట వాడుక. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 8 అడుగులు గల దూలమునకు ఈ లెక్కను 8 ఘనపుటడుగులు వచ్చును. నిజమున దానిలో 10 ఘనపుటడుగులకు పైగా కఱ్ఱ గలదు. ఐదవవంతునకు పైగా కొలతలోనే తగ్గుచున్నది. కోతలో పోవు పొట్టు, బెరడు నిమిత్తము ఈ తగ్గింపు ఏర్పడినదందురు. అట్లగుచో ధర చెప్పునపుడు ఆ సంగతి తెలిసియే చెప్పవలెను. ఈ కొలతపై మరల బెరడునకని, పొట్టునకని రెండవ తగ్గింపునకు ఒప్పుకొనరాదు.

కొమ్మలకు వేఱు లెక్క చూడుడు. 14 అంగుళముల పొడవు, 3 అంగుళముల వెడల్పు, ఒకటిన్నర అంగుళముల మందము గల గరిటెదిమ్మ 63 ఘనపుటంగుళములు. ఘనపుటడుగునకు 1728 ఘనపుటంగుళములు. అనగా లెక్కకు 27 దిమ్మలు. దవ్వ, ముడులు, వంకరలు, పగుళ్ళ క్రింద సగము పోయినను 13 దిమ్మలు మిగులును. ఆ ఘనపుటడుగు కొమ్మకఱ్ఱకు వంటచెఱకుగా మీకు వచ్చు సొమ్మును, 13 ఆరిన దిమ్మలకు వడ్రంగి యిచ్చు సొమ్మును మీరే పోల్చుకొనుడు. దిమ్మలు కోసి, కొనలకు మైనము పూసి, ఆరబెట్టి అమ్ముటయే రైతు చేయగల పని. చెక్కుపని వడ్రంగిది. పచ్చికొమ్మను అమ్మినవాడు ఆరుదల లాభమును ఇతరులకు విడిచినవాడగును.

9. నాటుట

కంచెకు, గట్టుకు గంగరావి మొదటిది. విత్తనముతోను మొలచును, లావైన కొమ్మముక్క పాతినను చిగిర్చును. ఉప్పుగాలికి, ఉప్పునేలకు ఓర్చును. వానలు పట్టిన పిదప ఆఱడుగుల కొమ్మముక్కలను రెండడుగుల లోతున పాతి, పశువులు తినకుండ ముండ్లకంప కట్టవలెను. ఒకటి గమనింపదగును. ప్రత్తిని తిను ఎఱ్ఱనల్లి ఈ చెట్టుపై కూడ బ్రతుకును. ప్రత్తిచేలు గలచోట దీనిని నాటవలదు. వరి, కొబ్బరి మాగాణులలో ఆ చిక్కు లేదు.

పనస నిలువనీటికి ఓర్వదు. వరిగట్టుపై నాటినచో వేరు క్రుళ్ళి చచ్చును. ఇంటిదొడ్డి, మిట్టచేను, వఱదయెక్కని లంకదిబ్బ దానికి తగిన స్థలములు. చింత, వేపలను బాటప్రక్కను, కళ్ళమువద్దను నాటవలెను.

నీడవలన పంట తగ్గునను భయము న్యాయమైనదే. దాళ్వాకాలమున సూర్యుడు దక్షిణముగ నుండుటచే నీడ ఉత్తరమునకు పడును. కావున పొలమునకు ఉత్తరపు గట్టున, అందును ఆవల కాలువగాని బాటగాని యున్నచోట చెట్లు నాటినచో మీ పంటకును పొరుగువాని పంటకును బాధ తక్కువ. సార్వా నాట్లకు ముందు క్రిందికొమ్మలు కొట్టివేయవలెను. ఆ కొట్టిన కొమ్మలే గరిటెదిమ్మలు. అవి వానకాలమున ఆరుట ఆలస్యమగును గనుక పాకలో పేర్చి, బూజు పట్టకుండ గాలి తగులనీయవలెను.

ఒకే రైతు పది చెట్లు నాటుటకన్న ఒక యూరి రైతులు పదిమంది తలకొక నాలుగు నాటుట మేలు. అప్పుడు కొమ్మలు ఏటేట తెగక వచ్చును. ఏటేట దిమ్మ దొరకు నని తెలిసిననే వడ్రంగి కొడుకు బాడిస పట్టును. ఏటికొప్పాకకును ఉదయగిరికిని కలిగిన కఱ్ఱకఱవు మనకు కలుగకుండ చేయగలది ఇదియే.

10. ఇంటిలో వాడుక

కొయ్యసామాను అపరిశుభ్రమని కొందఱనుకొందురు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డీన్ క్లివర్ అను శాస్త్రజ్ఞుడు తన తోడివారితో కొయ్య, ప్లాస్టిక్ తఱుగుచెక్కలపై చేసిన పరీక్షల ఫలితములు 1994లో ప్రకటింపబడినవి. కొయ్యపై వేసిన సూక్ష్మజీవులు లోనికి పీల్చబడి వృద్ధిపొందక నశించినవి. కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్ చెక్కను శుభ్రపఱచుటయే కష్టమైనది. అంతమాత్రమున కడుగుట మానరాదు. చేపలకు, మాంసమునకు ఒక చెక్క, కూరలకు వేఱొక చెక్క ఉంచవలెను.

కొయ్యసామానును నీట నానవేయరాదు. వాడినవెంటనే వేడినీటను, చింతపండు గుజ్జుతోనో ఉప్పుతోనో రుద్ది కడిగి, నీడను నిలువబెట్టి ఆరబెట్టవలెను. పండ్రెండుదినముల కొకమాఱు నూనెమైనము రుద్దినచో చాలును. నెఱ్ఱె విచ్చినదానిని, బూజు లోనికి దిగినదానిని వంటకు వాడక తీసివేయవలెను.

11. సంగ్రహము

గరిటెకు గంగరావి, పీటకు పనస, రోకలికి తుమ్మ లేక చండ్ర, గుత్తికి చింత.

గన్నేరు, ముష్టి, తిల్ల, జీడి జాతులు వంటింటికి కూడవు. తారు, మందు, రంగు పట్టిన పాతచెక్కయు కూడదు.

మార్గశిరము మొదలు మాఘము వఱకు అనుమతితో కొట్టవలెను. దవ్వను తీయవలెను, కొనలకు మైనము పూయవలెను, నీడను ఆరబెట్టవలెను, తూచి తెలిసికొనవలెను.

గంపగుత్తగ అమ్మక కొలిచి అమ్మవలెను. పచ్చికొమ్మగ అమ్మక ఆరినదిమ్మగ అమ్మవలెను.

కొట్టిన ప్రతి చెట్టునకు రెండు నాటవలెను. ఈ యేడు సార్వాకు ముందు కొట్టబోవు కొమ్మలలో వంకరవానిని పొయ్యికి వేయక ప్రక్కకు తీసి, పది దిమ్మలైనను కోసి ఆరబెట్టి చూడుడు. వచ్చు సంక్రాంతికి మీ యింటి పొంగలి మీ గట్టుచెట్టు గరిటెతోనే కలియబెట్టవచ్చును.